హన్మకొండకి కొత్తగా వస్తున్నాం: ఇల్లు ఎటు చూడాలి, కారు లేకుండా తిరగగలమా?

కృష్ణకాలువ

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా కుటుంబం గుంటూరు నుంచి హన్మకొండకి మారుతోంది. నాకు ఎంజీఎం ఆస్పత్రి దగ్గర ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఆఫీసు హైదరాబాద్ హబ్సిగూడలో, వారానికి రెండు రోజులు వెళ్తే చాలు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కాలంటే కష్టం. పాప మూడో తరగతి. కారు లేదు, ఒక స్కూటీ ఉంది, దాన్ని అక్కడికే తెచ్చుకుంటున్నాం.

ఇళ్ల కోసం ఫోన్‌లో మాట్లాడితే ప్రతి ఏజెంటూ "మేడం, సెంటర్‌కి పది నిమిషాలు" అంటున్నాడు, ఏ సెంటర్ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తున్నారు. మ్యాప్‌లో చూస్తే కాజీపేట, హన్మకొండ, వరంగల్ అన్నీ అతుక్కుని ఉన్నాయి, ఎక్కడ ఏది మొదలవుతుందో అర్థం కావట్లేదు. అక్కడ ఉంటున్నవాళ్లు రోజూ ఎలా తిరుగుతారో, ఇల్లు ఎటు చూసుకుంటే ఇబ్బంది ఉండదో కొంచెం వివరంగా చెప్పండి.

ఫాతిమానగర్77

రండి మేడం, మంచి ఊరికే వస్తున్నారు. ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి, ఇది ఒకే సెంటర్ చుట్టూ పెరిగిన ఊరు కాదు. మూడు ఊళ్లు, మూడింటినీ ఒకటే పొడుగాటి రోడ్డు కలుపుతుంది. హైదరాబాద్ వైపు నుంచి వస్తే మడికొండ, కాజీపేట, ఫాతిమానగర్ బ్రిడ్జి, నిట్ (మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్ఈసీ అనే అంటారు, ఆటోవాళ్లకి రెండూ తెలుసు), అక్కడి నుంచి అదాలత్, సుబేదారి, నక్కలగుట్ట, అంబేడ్కర్ సెంటర్, హన్మకొండ చౌరస్తా, వేయిస్తంభాల గుడి, ములుగు రోడ్డు జంక్షన్, ఎంజీఎం, చివరికి వరంగల్ చౌరస్తా, స్టేషన్. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా పది పన్నెండు కిలోమీటర్లు.

సిటీ బస్సులు, షేరింగ్ ఆటోలు ఈ రోడ్డు మీదే పొద్దున్నుంచి రాత్రి దాకా ఆగకుండా తిరుగుతాయి. కాబట్టి మీరు ఇల్లు చూసేటప్పుడు సెంటర్‌కి ఎంత దూరం అని అడక్కండి, ఈ మెయిన్ రోడ్డుకి నడిచి రావడానికి ఎంతసేపు అని అడగండి. నడిచి వచ్చేంత దూరమైతే బండి లేకపోయినా గడిచిపోతది. కిలోమీటరు రెండు కిలోమీటర్లు లోపలికి పోయారంటే కిరాయి తగ్గుతుంది, నిజమే, కానీ పాలకి పోయినా, మందులకి పోయినా, అత్తగారిని డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినా ప్రతిసారీ ఆటో మాట్లాడుకోవాలి. కిరాయిలో మిగిలింది అక్కడే పోతది.

ఇంకొకటి, కార్పొరేషన్ ఒకటే గానీ జిల్లాలు రెండు. హన్మకొండ, కాజీపేట మండలాలు హనుమకొండ జిల్లాలో, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలో ఉన్నాయి. 2021లో పేర్లు మార్చినప్పటి నుంచి ఇలా ఉంది. ఇల్లు ఒక జిల్లాలో, ఆఫీసు ఇంకో జిల్లాలో ఉన్నవాళ్లు ఇక్కడ వేలమంది ఉంటారు, దానితో రోజువారీ ఇబ్బందేమీ లేదు. ఏదైనా సర్టిఫికెట్ పని పడితే మాత్రం మీ ఇల్లు ఏ మండలమో చూసుకుని వెళ్లండి, లేకపోతే ఊరికే తిప్పుతారు.

నైట్ డ్యూటీ

అక్కా, నేను ఎంజీఎం పరిసరాల్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేస్తాను, ఇల్లు హన్మకొండలో. మీ ఉద్యోగం ఎంజీఎం దగ్గర అంటున్నారు కాబట్టి కాజీపేట వైపు ఇల్లు చూడకండి. చూడ్డానికి ఒకటే రోడ్డు, ఎక్కితే దిగడమే కదా అనిపిస్తుంది గానీ, పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా అదే రోడ్డు మీద కాలేజీ బస్సులు, స్కూల్ ఆటోలు, కలెక్టరేట్‌కి, కోర్టుకి పోయేవాళ్లు అందరూ ఉంటారు. అదాలత్ నుంచి హన్మకొండ చౌరస్తా దాటేసరికే ఓపిక అయిపోతుంది. ములుగు రోడ్డు జంక్షన్‌కి దగ్గర్లో గానీ, హన్మకొండ చౌరస్తాకి ఆ పక్కా ఈ పక్కా గానీ చూసుకోండి. అక్కడి నుంచి ఎంజీఎం పక్కనే.

షేరింగ్ ఆటో ఎక్కేటప్పుడు "వరంగలా?" అని అడక్కండి, "ఎంజీఎం పోతదా?" అని అడగండి. దిగాల్సిన చోటు పేరు చెప్తేనే లెక్క సరిగ్గా ఉంటుంది, వరంగల్ అంటే స్టేషన్ దాకా అనుకుంటారు. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఇప్పుడు చాలామంది ఫోన్ పే తీసుకుంటున్నారు గానీ, ఆటో నిండా జనం ఉన్నప్పుడు దిగి స్కాన్ చేసేదాకా ఆగాలంటే వాళ్లకీ చిరాకే.

రాత్రి పూట సంగతి కూడా చెప్తాను. ఎంజీఎం గేటు దగ్గర ఏ టైంలో అయినా మనుషులుంటారు, ఆటోలుంటాయి, టీ కొట్టు వెలుతురు ఉంటుంది. నేను అక్కడే ఎక్కుతాను. ఒకసారి యాప్‌లో ఆటో బుక్ చేస్తే పది దాటాక ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ చేశారు, మూడోవాడు ఫోన్ చేసి ఎక్స్‌ట్రా అడిగాడు. అప్పటి నుంచి తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆటో అన్నల నంబర్లు పెట్టుకున్నాను. మీరూ వచ్చిన మొదటి వారంలోనే ఆ పని చేయండి. ఇంటి దగ్గర స్టాండులో ఎవరైనా వయసు మళ్లిన ఆయన కనిపిస్తే పలకరించి నంబరు తీసుకోండి, మీ అత్తగారి అవసరాలకి కూడా ఆయనే వస్తాడు.

గిరాకీ ఆటో

నేను ఈ రోడ్డు మీదనే బండి నడుపుతా. అమ్మా, మీ అత్తమ్మకి మోకాళ్ల నొప్పి అంటున్నరు గనుక రెండు ముక్కలు చెప్త. షేరింగ్‌ల ఎక్కిస్తే వెనక సీటుల ఎడమ కొసకి కూర్చోబెట్టండి, నడుమల కూర్చుంటే దిగెటోళ్లు దిగినప్పుడల్లా లేవాల్సొస్తది. డ్రైవర్ పక్కన అసలే వద్దు, అక్కడ కాళ్లు పెట్టడానికి జాగ ఉండదు, బ్రేకు వేస్తే పట్టుకోవడానికీ ఏం ఉండదు. బండి నిండకపోతే మేము కదలం, అది మా బతుకు, తప్పు పట్టకండి. అర్జెంట్ ఉంటే ఖాళీ సీట్ల పైసలు కూడా ఇస్తా అని చెప్పండి, వెంటనే తీస్తరు.

సెపరేట్ మాట్లాడుకునేటప్పుడు ముందే రేటు తెంపుకోండి, పోను రాను అంటే పోను రాను అని చెప్పండి, ఆగాల్సి ఉంటే ఎంతసేపు ఆగాలో అది కూడా చెప్పండి. దిగినంక మాట మారితే మీకూ బాధ, మాకూ బాధ. స్టేషన్ బయట, బస్టాండ్ గేటు కాడ నిలబడ్డ బండ్లు ఎక్కువ అడుగుతయి, యాభై అడుగులు రోడ్డు మీదికి నడిచొచ్చి పోతున్న బండిని ఆపితే మామూలు రేటుకే వస్తరు. సామాను ఎక్కువుంటే మాత్రం స్టాండ్ బండే మేలు, ఎత్తిపెడతరు.

కృష్ణకాలువ

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్ అండి. గిరాకీ ఆటో అన్నా, అత్తగారికి చదివి వినిపించాను, "ఆయనెవరో మంచాయన, నంబరు తీసుకో" అన్నారు.

ఇంకో రెండు సందేహాలు. తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా, మాది ఆంధ్రా ఆధార్, మాకు వర్తిస్తుందా? మా ఆయనకి హైదరాబాద్ వెళ్లడానికి ట్రైన్ మంచిదా, బస్సా? ట్రైన్ అయితే కాజీపేటలో ఎక్కాలా, వరంగల్‌లోనా? రెండు స్టేషన్లు ఎందుకున్నాయో కూడా అర్థం కాలేదు.

కేయూ క్రాస్‌రోడ్

ఫ్రీ బస్ గురించి నేను చెప్తాను. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తోంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకి టికెట్ లేదు. ఊరికే ఎక్కి కూర్చోవడం కాదు, కండక్టర్‌కి తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. మీ ఆధార్ మీద గుంటూరు అడ్రస్ ఉన్నన్నాళ్లు డబ్బులిచ్చి టికెట్ కొనాల్సిందే. రెంటల్ అగ్రిమెంట్ చేతికి రాగానే ఆధార్ సెంటర్‌కి పోయి అడ్రస్ మార్పించండి, మీదీ, అత్తగారిదీ, పాపదీ ముగ్గురిదీ ఒకేసారి. డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకి ఈ పథకం లేదు, అది గుర్తుంచుకోండి.

ఇక మా వైపు సంగతి. హన్మకొండ బస్టాండ్ నుంచి నయీంనగర్ మీదుగా కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్, భీమారం, హసన్‌పర్తి, అలా కరీంనగర్ పోయే రోడ్డు ఇది. ఇళ్లు చాలా దొరుకుతాయి, కొత్త అపార్టుమెంట్లు ఎక్కువ. బస్సులకి లోటు లేదు, కరీంనగర్, హుజూరాబాద్ బస్సులన్నీ ఇటే. కానీ నయీంనగర్, కిషన్‌పుర నిండా కాలేజీలు, హాస్టళ్లు. కాలేజీలు వదిలే టైంలో ఆ కాస్త దూరం దాటడం కష్టం, పాపని స్కూటీ మీద తీసుకొచ్చేటప్పుడు మీకే టెన్షన్ అనిపిస్తుంది. ఇటు ఇల్లు తీసుకుంటే స్కూలు కూడా ఇటే చూసుకోండి.

సీజన్ పాస్

రైళ్ల ప్రశ్న వచ్చింది కాబట్టి నేను కొంచెం ఎక్కువే రాస్తాను, నాకు ఇష్టమైన విషయం.

కాజీపేట జంక్షన్. ఢిల్లీ నుంచి బల్లార్షా మీదుగా వచ్చే లైను ఇక్కడ రెండుగా చీలుతుంది, ఒకటి సికింద్రాబాద్ వైపు, ఇంకోటి వరంగల్, ఖమ్మం, విజయవాడ వైపు. ఢిల్లీ వైపు నుంచి హైదరాబాద్ పోయే బండ్లు, ఉదాహరణకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, కాజీపేటలో ఆగుతాయి, వరంగల్ స్టేషన్‌కి రావు. ఢిల్లీ నుంచి చెన్నై, కేరళ పోయే బండ్లు, జీటీ, తమిళనాడు, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు, కాజీపేట జంక్షన్‌కి పోకుండా పక్క లైను మీద తిరిగి నేరుగా వరంగల్‌కి వస్తాయి. సికింద్రాబాద్ నుంచి విజయవాడ పోయే చాలా బండ్లకి రెండు చోట్లా హాల్ట్ ఉంటుంది, కొన్నింటికి మాత్రం ఒక్క వరంగల్‌లోనే. అందుకే టికెట్ మీద స్టేషన్ పేరు చూడకుండా ఆటో ఎక్కకండి, ఒక స్టేషన్‌కి పోయి బండి ఇంకో స్టేషన్‌లో ఉందని తెలిస్తే మధ్యలో ఆ ట్రాఫిక్ రోడ్డంతా దాటాలి. మీరు గుంటూరు పోవడానికి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది, మీ ఇల్లు ఎంజీఎం వైపు అయితే వరంగల్‌లో ఎక్కండి.

మీ ఆయన సంగతికి వస్తే, రోజూ సికింద్రాబాద్ పోయివచ్చే ఉద్యోగులు ఇక్కడ బోలెడుమంది ఉన్నారు. నెలవారీ సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, వరంగల్ నుంచి సికింద్రాబాద్ ఆ లోపే. వారానికి రెండు రోజులకైతే పాస్ అవసరం లేదు, ముందే సిట్టింగ్ రిజర్వేషన్ చేసుకోమనండి. ఇంకో ముఖ్యమైన మాట, 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లని అటు మార్చారు. ఎక్కే బండి సికింద్రాబాద్ పోతుందా, చర్లపల్లిలోనే ఆగిపోతుందా అని ప్రతిసారీ చూసుకోవాలి.

ఉప్పల్ బస్సు

సీజన్ పాస్ గారూ, మీరు చెప్పిందంతా కరెక్టే గానీ హబ్సిగూడ ఆఫీసుకి ట్రైన్ ఎందుకండీ. హన్మకొండ బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు ఎక్కితే జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఉప్పల్‌లో దిగుతాడు. అక్కడే మెట్రో. స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, ఆ తర్వాత స్టేషనే హబ్సిగూడ. సికింద్రాబాద్ దాకా పోయి మళ్లీ వెనక్కి రావడం దేనికి? పైగా బస్సు ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది, ట్రైన్ తప్పిపోతే ఆ పూట పోయినట్టే.

సీజన్ పాస్

బస్సులు ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ సాయంత్రం ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఏళ్ల తరబడి సాగుతున్న ఫ్లైఓవర్ పనుల పక్కన బస్సు ఎంతసేపు నిలబడుతుందో మీకూ తెలుసు. శుక్రవారం, పండగ ముందు రోజు అయితే ఉప్పల్‌లో సీటు దొరకదు, బస్సులు బయల్దేరే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోనే నిండి వస్తాయి. ట్రైన్‌లో రెండు రెండున్నర గంటల్లో వస్తాం, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేసుకోవచ్చు, నడుము పట్టేయదు. నా సలహా ఏంటంటే పొద్దున బస్సులో పోయి, సాయంత్రం ట్రైన్‌లో రమ్మనండి. హబ్సిగూడ నుంచి సికింద్రాబాద్ పెద్ద దూరం కాదు.

ఉప్పల్ బస్సు

ఇది బాగుంది, దీనికి నేనూ ఓకే. శుక్రవారం సాయంత్రం మాత్రం బస్సుకి కూడా ఆన్‌లైన్‌లో సీటు పెట్టుకోమనండి, డీలక్స్, సూపర్ లగ్జరీలకి రిజర్వేషన్ ఉంటుంది.

హంటర్‌రోడ్ వాసి

ఇంతమంది మెయిన్ రోడ్డు మెయిన్ రోడ్డు అంటున్నారు, హంటర్ రోడ్డు మాట ఎవరూ ఎత్తట్లేదు. అదాలత్ దగ్గర నుంచి జూ పార్క్ మీదుగా నాయుడు పెట్రోల్ పంప్ దాకా వచ్చే రోడ్డు ఇది. హన్మకొండ చౌరస్తా, ఎంజీఎం, వరంగల్ చౌరస్తా ఏదీ తగలకుండా ఖమ్మం రోడ్డు మీదికి తేలిపోవచ్చు. స్కూటీ ఉన్నవాళ్లకి చాలా హాయి. గాలి బాగుంటుంది, ఇళ్లు విశాలంగా ఉంటాయి, పిల్లలకి జూ దగ్గర. షేరింగ్ ఆటోలు తక్కువే, అది ఒప్పుకుంటాను.

నైట్ డ్యూటీ

హంటర్ రోడ్డు నాకూ ఇష్టమే అన్నా, కానీ కొత్తగా వచ్చేవాళ్లకి వాన సంగతి చెప్పకుండా ఎలా వదిలేస్తాం. 2023 జూలై చివర్లో బొందివాగు పొంగినప్పుడు హంటర్ రోడ్డులో సంతోషిమాత కాలనీ, ఎన్టీఆర్ నగర్ వాళ్లని పడవల్లో బయటికి తెచ్చారు. మా ఆస్పత్రి నర్సు ఒకామె డ్యూటీకి రాలేక ఫోన్‌లో ఏడ్చింది, బీరువాలో కింది అరలో పెట్టిన పిల్లల సర్టిఫికెట్లు తడిసిపోయాయని. అదే వానకి నయీంనగర్ నాలా పక్కన కూడా ఇళ్లు మునిగాయి, భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది.

హంటర్‌రోడ్ వాసి

మీరు చెప్పింది నిజం, దాచాల్సిన పని లేదు. మా ఇల్లు ఎత్తులో ఉంది, మాకు రాలేదు, రెండు వీధుల అవతల మాత్రం నడుం లోతు వచ్చింది. అందుకే కాలనీ పేరు చూసి వద్దనుకోవడం, కావాలనుకోవడం రెండూ కుదరవు. ఆ ఇల్లు, ఆ వీధి చూడాలి. ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు ఓనర్‌ని అడక్కండి, ఎదురింటివాళ్లని, మూల మీద కిరాణా కొట్టాయన్ని అడగండి, "2023 వానకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి?" అని. వాళ్లు చెయ్యి పెట్టి మరీ చూపిస్తారు. కాంపౌండ్ గోడ లోపలి వైపు చూడండి, రంగు కొత్తగా వేసినా చాలా చోట్ల కింద మూడు అడుగుల దాకా సున్నం ఉబ్బి పెచ్చులు ఊడి ఉంటుంది, అక్కడిదాకా నీళ్లు నిలబడ్డాయని అర్థం. కరెంటు మీటరు మామూలుకంటే బాగా ఎత్తులోకి మార్చి ఉన్నా అనుమానించాల్సిందే. నయీంనగర్ నాలా తర్వాత వెడల్పు చేశారు, అయినా నాలాకి ఆనుకున్న గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు నేనైతే తీసుకోను.

ఫాతిమానగర్77

వాన మాట వచ్చింది కాబట్టి వరంగల్ అండర్ బ్రిడ్జి కూడా చెప్పాలి. స్టేషన్ దగ్గర పట్టాల కింద నుంచి శివనగర్, కరీమాబాద్ వైపు పోయే దారి. గట్టి వాన పడితే దాని కింద నీళ్లు నిలబడతాయి. ముందు పోయిన ఆటో దాటిందని స్కూటీ దింపకండి, ఆటో చక్రం వేరు, స్కూటీ సైలెన్సర్ వేరు. శివనగర్ వైపు ఇల్లు తీసుకునేవాళ్లు వానాకాలంలో ఎటు నుంచి చుట్టు తిరిగి రావచ్చో ముందే చూసి పెట్టుకోవాలి.

కొత్తవాడ దర్రీలు

వరంగల్ వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు, అందరూ హన్మకొండవాళ్లే ఉన్నట్టున్నారు. మేడం, మీ ఆఫీసు ఎంజీఎం దగ్గరైతే పోచమ్మ మైదాన్, కొత్తవాడ, దేశాయిపేట వైపు కూడా చూడండి. ఎంజీఎంకి నడిచి పోవచ్చు. కిరాయిలు హన్మకొండ కంటే తక్కువ. పాత ఇళ్లు, ఇరుకు గల్లీలు, నిజమే, కానీ అన్నీ కాళ్ల దగ్గరే ఉంటాయి, కూరగాయలు, మందులు, టైలర్, పిండి గిర్నీ. మా గల్లీలో ముసలామె ఒక్కతే బయటికి పోయినా నలుగురు పలకరిస్తారు. మీ అత్తగారికి పొద్దుపోక ఇబ్బంది ఉండదు.

ఒక్కటి ముందే చెప్తున్నా. మీరు గుంటూరు వాళ్లు, మిర్చి యార్డు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఎనుమాముల మార్కెట్ ఉంది, రాష్ట్రంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. మిర్చి సీజన్‌లో కాశిబుగ్గ నుంచి ఎనుమాముల దాకా బండ్లు వరస కడతాయి, తెల్లవారుజాము నుంచే. ఆ రోడ్డులో స్కూటీ మీద పోయేటప్పుడు కళ్లద్దాలు, ముక్కుకి గుడ్డ ఉండాలి, పాపని వెనక కూర్చోబెట్టుకుంటే మరీ. స్కూలు ఎనుమాముల రోడ్డు వైపు కాకుండా చూసుకోండి.

బండిమీద

అందరూ చెప్పినదాంట్లో నాకు ఒక్కదానితో పేచీ ఉంది. "బండి లేకపోయినా గడిచిపోతది" అంటున్నారు. ఉద్యోగానికి ఒక్కరు పోయి వస్తే గడుస్తది. స్కూల్లో పాప, ఇంట్లో పెద్దావిడ, వారంలో రెండు రోజులు భర్త ఊళ్లో ఉండడు అంటే, పాపకి జ్వరం వచ్చి స్కూలు నుంచి ఫోన్ వస్తే షేరింగ్ ఆటో నిండేదాకా కూర్చోలేరు. కాబట్టి స్కూలు ఇంటికి దగ్గర ఉండాలి, ఆఫీసు దూరమైనా పర్వాలేదు. మీరు ముందు ఇల్లు వెతికి తర్వాత స్కూలు వెతుకుతున్నట్టున్నారు, ముందు స్కూలు ఖాయం చేసుకోండి, దాని చుట్టూ నడిచే దూరంలో ఇల్లు చూడండి.

హెల్మెట్ కూడా మర్చిపోకండి, కమిషనరేట్ ఊరు, కెమెరాలుంటాయి, చలాన్ నేరుగా ఫోన్‌కే వస్తుంది. ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి ఎక్కువ కాలం ఇక్కడే తిప్పేటట్టయితే అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) ముందే తీసుకుని రండి, తర్వాత దానికోసం మళ్లీ గుంటూరు పోవడం పెద్ద పని.

గిరాకీ ఆటో

బండిమీద అన్న చెప్పింది మంచి మాట. స్కూల్ ఆటో పెట్టుకుంటే మాత్రం ఎంతమంది పిల్లల్ని ఎక్కిస్తున్నడో మీరే ఒక పొద్దు నిలబడి చూడండి, అడిగితే తక్కువ చెప్తరు. డ్రైవర్ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టెటోని బండి వద్దు. కుడి పక్కకి కడ్డీ లేని బండి కూడా వద్దు. నెలకి వంద రెండొందలు ఎక్కువైనా తక్కువ పిల్లలున్న బండే చూడండి.

కృష్ణకాలువ

నిన్న మా ఆయనతో కూర్చుని ఇదంతా ఒక కాగితం మీద రాసుకున్నాం. బండిమీద గారు చెప్పినట్టు ముందు స్కూలు చూస్తాం. ములుగు రోడ్డు జంక్షన్, హన్మకొండ చౌరస్తా మధ్య రెండు స్కూళ్లు, పోచమ్మ మైదాన్ వైపు ఒకటి అనుకుంటున్నాం. వచ్చే శనివారం వచ్చి చూసి వెళ్తాం. వరద నీళ్ల గురించి ఇంటి ఏజెంట్లు ఒక్కరూ మాట మాత్రంగానైనా చెప్పలేదు, హంటర్‌రోడ్ వాసి గారూ, నైట్ డ్యూటీ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. గోడలు చూడమన్న మాట నేను జన్మలో ఊహించను.

అత్తగారు ఒక్కటే అడుగుతున్నారు, భద్రకాళి అమ్మవారి గుడికి ఎలా పోవాలి, ఎక్కువ మెట్లు ఉంటాయా అని.

నైట్ డ్యూటీ

మీరు అనుకుంటున్న ఏరియాల నుంచి గుడి దగ్గరే అక్కా. గుడి దాకా ఆటో పోతుంది, కొండ ఎక్కాల్సిన పని లేదు. శుక్రవారం, ఆదివారం రద్దీ ఎక్కువ, దసరా నవరాత్రుల్లో అయితే క్యూలో పెద్దవాళ్లు నిలబడలేరు. మామూలు రోజుల్లో పొద్దున్నే తీసుకుపోండి, దర్శనం అయ్యాక చెరువు కట్ట మీద పార్కులో కాసేపు కూర్చోవచ్చు. పోను రాను ఒకే ఆటో మాట్లాడుకోండి, తిరిగి వచ్చేటప్పుడు గుడి దగ్గర ఖాళీ బండి కోసం ఆవిడని ఎండలో నిలబెట్టడం వద్దు.

కేయూ క్రాస్‌రోడ్

పండగల మాట వచ్చింది కాబట్టి, బతుకమ్మ మొదటి రోజు సాయంత్రం, ఎంగిలిపూల రోజు, వేయిస్తంభాల గుడి దగ్గరికి ఊరంతా వస్తుంది. హన్మకొండ చౌరస్తా వైపు బండ్లు మళ్లిస్తారు. ఆ సాయంత్రం బండి తీయకుండా అత్తగారినీ పాపనీ తీసుకుని నడిచి పోండి, మీ ఇల్లు అక్కడే కుదిరితే అదృష్టం, మేమంతా భీమారం నుంచి పడుతూ లేస్తూ రావాలి.

ఇక మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2024 ఫిబ్రవరిలో ఒకటి, 2026 జనవరి 28 నుంచి 31 దాకా ఇంకోటి. జాతర వారం ములుగు రోడ్డు మొత్తం జాతరదే. ఎటు చూసినా ఎత్తుబెల్లం (మొక్కు కింద మనిషి బరువుకి సరిపడా ఇచ్చే బెల్లం), బస్సులు, ట్రాక్టర్లు. మామూలు రూట్లలో బస్సులు పలచబడతాయి, జాతర స్పెషల్స్‌కి పోతాయి కాబట్టి. మీ ఆయన ఆ వారం హైదరాబాద్ పని ఇంటి నుంచే పెట్టుకుంటే మంచిది. జాతర ఏడాదిలో ఆ వారానికి ఊరు వదిలి పోయే ప్లాన్లు మేమెవరం వేసుకోం, చుట్టాలంతా మా ఇళ్లకే దిగుతారు.

తొర్రూరు నుంచి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటి ప్రశ్నే. నేను తొర్రూరు నుంచి హన్మకొండ కలెక్టరేట్‌కి పని మీద రావాలి. వరంగల్‌లో దిగాలా, హన్మకొండ దాకా రావాలా?

ఫాతిమానగర్77

వర్ధన్నపేట, మామునూరు మీదుగా వచ్చే బస్సు కదా. బోర్డు హన్మకొండ దాకా ఉంటే అదే ఎక్కి చివరిదాకా రండి. వరంగల్ వరకే అయితే స్టేషన్ దగ్గర దిగి కాజీపేట పోయే సిటీ బస్సు ఎక్కండి, సుబేదారిలో దిగితే కలెక్టరేట్ అక్కడే. పదింటికల్లా ఆఫీసులో ఉండాలంటే ఎనిమిదిన్నరకి వరంగల్‌లో ఉండేటట్టు చూసుకోండి.

కృష్ణకాలువ

ఇంకొక్క చిన్న విషయం అడుగుతాను. సామాన్ల లారీ గుంటూరు నుంచి ఏ టైంకి వచ్చేటట్టు చూసుకోవాలి?

కొత్తవాడ దర్రీలు

రాత్రి బయల్దేరి తెల్లవారి ఆరులోపు ఇంటి ముందు ఉండేటట్టు చెప్పండి. ఖమ్మం రోడ్డు నుంచి వస్తాడు కాబట్టి ఊళ్లోకి దిగేసరికి ఇంకా స్కూల్ బస్సులు మొదలవవు. పెద్ద లారీ అయితే మా గల్లీలు పట్టవు, ఇల్లు ఖాయం కాగానే వీధి ఫొటో తీసి డ్రైవర్‌కి పంపండి. దించడానికి హమాలీలు కావాలంటే ముందు రోజు చెప్పండి, మా వీధిలోవాళ్లున్నారు, నేను మాట్లాడి పెడతాను.